నీలం బొమ్మ దగ్గర ఎడమకి

పిండిపాపకు ముఖం ఎక్కడ పెట్టాలో జుల్మాకు తెలియలేదు. సంతలో కొన్న సున్నపు ముఖం బొటనవేలి గోరంత ఉంది. ఎర్రటి బుగ్గలు, పైకి చూస్తున్న కళ్లు. పిండిముద్ద తల దగ్గర పెట్టి ఒత్తితే కిందికి జారింది. తీసి మళ్లీ ఒత్తింది. ఇప్పుడు ముఖం మెడలో ఉంది.

"ఏమిటే అది?" అంది పక్కన పిండి పిసుకుతున్న అసుంతా. ఆవిడది వాళ్ల పక్క ఇల్లే. "రేపు మీ నాన్న దిగొచ్చి, గొంతులో కళ్లున్న ఈ పిల్ల ఎవరే అంటే ఏం చెబుతావు?"

"మీ చుట్టాలమ్మాయి అని చెబుతాను, దోన్యా అసుంతా."

ఆడవాళ్లు నవ్వారు. జుల్మా తల్లి నికొలాసా నవ్వలేదు. ఆ పాపను తీసుకుని, ముఖాన్ని గోటితో పెకలించి, ఉండవలసిన చోట అతికించి రేకుమీద పెట్టింది. పేటలో పెద్ద మట్టిపొయ్యి ఈ ఒక్క పెరట్లోనే ఉంది. ఆత్మల పండగ ముందురోజు అందరూ రేకులు పట్టుకుని ఇక్కడికే వస్తారు. రేపు మధ్యాహ్నం పోయినవాళ్లు ఇళ్లకు దిగి వస్తారు, ఎల్లుండి మధ్యాహ్నం తిరిగి వెళతారు. జుల్మా నాన్న ఫెర్మిన్ తార్కికి ఇది మొదటి రాక. మొదటిసారి వచ్చేవాళ్లకు రొట్టెలు ఎక్కువ కావాలి. పాపలు కావాలి, గుర్రం కావాలి, దిగడానికి నిచ్చెన కావాలి. నిచ్చెన రొట్టెకు మెట్లు అల్లుతూ నికొలాసా ఎవరివైపూ చూడడం లేదు.

జుల్మా చేతులు తుడుచుకుని ఫోను తీసింది. తెరమీద వాళ్ల పేట ఉంది. బూడిదరంగు గీతలు వీధులు, వాటి పక్కన చిన్న చిన్న చుక్కలు తలుపులు. ఏ చుక్కను నొక్కినా ప్రధాన రహదారి నుంచి ఆ తలుపుదాకా ఎర్ర గీత నడుచుకుంటూ వస్తుంది. ఎల్ ఆల్తో నగరంలో ఆరో వీధి అనే పేరున్న వీధులు ఎన్నో ఉన్నాయి. వీళ్ల ఆరో వీధికి పేరుపలక కూడా లేదు, ఇళ్లకు నంబర్లు లేవు. అందుకే ఈ పటం. తెరనిండా చుక్కలే. కింది మూల మాత్రం ఖాళీగా, బొత్తాం ఊడిన చొక్కాలా ఉంది.

"దాన్ని మళ్లీ తీశావా?"

పేట సంఘం పెద్ద రుపెర్తో తన రేకు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతూ ఉంటుంది. రేకుమీద పిండి కన్నా ఆ ఈలనే ఎక్కువ జాగ్రత్తగా పట్టుకున్నాడు.

"చూడమ్మా, నీమీద నాకేం కోపం లేదు. కానీ నువ్వు తలుపు తలుపుకూ వెళ్లి ఫోటోలు తీస్తున్నావని జనం అంటున్నారు. మన దగ్గర తలుపులకు గుర్తులు పెట్టేదెవరో నీకు తెలుసు."

"దొంగలు సుద్దముక్కతో పెడతారు, దోన్ రుపెర్తో. నేను దారి తెలియడానికి పెడుతున్నాను."

"దారి ఎవరికి తెలియాలి? మనకి తెలుసు. తెలియనివాళ్లకి మనతో పనేంటి?"

 పొయ్యిలో కొమ్మ ఒకటి చిట్లింది. ఆ ప్రశ్నకు జవాబు ఆ పెరట్లో అందరికీ తెలుసు. అందుకే అందరూ పిండివైపు చూస్తున్నారు.

రుపెర్తో గొంతు తగ్గించాడు. "పండగ అయ్యాక సంఘంలో మాట్లాడదాం. అప్పటిదాకా అది పట్టుకుని వీధుల్లో కనబడకు. తర్వాత చెరిపేద్దువుగాని."

"మంగళవారం యూనివర్సిటీలో చూపించాలి. కంప్యూటర్ చదువుకి ఇంటర్వ్యూ ఉంది. ఈ చదువే ఎందుకు అని అడుగుతారు. ఏదైనా చేసింది ఉంటే తెమ్మన్నారు."

"ఎందుకు అంటే నోటితో చెప్పు. నోరు లేదా నీకు?"

"ఉంది, దోన్ రుపెర్తో," అంది నికొలాసా తల ఎత్తకుండానే. "రోజూ నాకు వినబడుతూనే ఉంటుంది. ఆ గాజుపలక చదువేంటో, అది అన్నం పెడుతుందో లేదో నాకు తెలీదు. నా పక్కన జావ అమ్ముతూ కుండ దగ్గర కూర్చుంటే రెండు చేతులు సాయం. సరే, పండగ కానివ్వండి. మీ రొట్టెలు ఎండిపోతున్నాయి."

*

మర్నాడు ముందుగదిలో బల్లమీద నల్లగుడ్డ పరిచారు. రెండువైపులా చెరుకుగడలు కట్టారు. ఆత్మకు అవి చేతికర్రలు. ఫెర్మిన్ ఫోటో, ఎండబెట్టిన బంగాళాదుంపలు, ఎర్రకారం వేసిన సేమియా, కోకా ఆకులు, ఒక బీరు సీసా, నీళ్ల గ్లాసు. ఫోటో పక్కన నికొలాసా వెల్డింగ్ అద్దాలు పెట్టింది. ఒక అద్దం పగిలింది. అలాగే పెట్టింది.

పన్నెండు కాగానే దూరంగా ఎవరో టపాకాయలు కాల్చారు. నికొలాసా వీధితలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకుంది. గాలి లోపలికి వచ్చింది, చెరుకాకులు కదిలాయి.

"రండి," అంది గాలితో. "చలిలో వచ్చారు. కూర్చోండి."

ఒక ఈగ వచ్చి సేమియా గిన్నె అంచున వాలింది. జుల్మా చెయ్యి ఎత్తగానే తల్లి ఆ చెయ్యి పట్టుకుని దించింది.

తర్వాత తల్లీకూతుళ్లు బల్లకు చెరోవైపు కూర్చున్నారు. జుల్మా ఫోటో వైపు చూస్తూ మంగళవారం చెప్పవలసిన మాటలు మనసులో చెప్పుకుంది. మా నాన్న గుండెనొప్పితో పడిపోయినప్పుడు అంబులెన్సుకు మా ఇల్లు దొరకలేదు. మా పేట ఏ పటంలోనూ లేదు. ఇంకెవరికీ అలా జరగకూడదని. ఎన్నిసార్లు చెప్పుకుందో, వాక్యాలు నున్నగా అరిగిపోయాయి. అందులో ఒక్క మాట మాత్రం ఉండదు. అది ఫోనులో తను చెప్పిన మాట.

నీలం బొమ్మ దగ్గర ఎడమకి.

పేటలో అందరూ దారి అలాగే చెబుతారు. దొంగలకు హెచ్చరికగా స్తంభాలకు ఉరివేసి వేలాడదీసే గుడ్డబొమ్మలు మూలమూలకూ ఉంటాయి. ఏ వీధి బొమ్మకు ఆ వీధివాళ్లే పాతబట్టలు ఇస్తారు. వాళ్ల మూలలో బొమ్మకు ఫెర్మిన్ తన పాత నీలం పనిదుస్తులు ఇచ్చాడు. "దొంగలు నన్ను చూసి భయపడతారే" అని పొట్టపట్టుకుని నవ్వాడు కూడా. ఆ తెల్లవారుజామున జుల్మా వీధి మూలకు పరుగెత్తి, అంబులెన్సుకు చెయ్యి ఊపడానికి స్తంభం కింద నిలబడింది. సైరన్ కింది వైపు ఎక్కడో తిరుగుతోంది. దగ్గరికొస్తోంది, దూరమవుతోంది, మళ్లీ దగ్గరికొస్తోంది. అప్పుడు తల ఎత్తి చూసింది. స్తంభానికి ఎర్ర జాకెట్ బొమ్మ ఉంది. కింది మూలలో దొంగతనం జరిగిందని సంఘంవాళ్లు నీలం బొమ్మను ఆ వారమే అక్కడికి మార్చారు. రోజూ దాని కిందనుంచే నడిచింది. ఎవరు తలెత్తి చూస్తారు?

సైరన్ ఆగిపోయింది. కానీ ఆమె లోపల అది తిరుగుతూనే ఉంది. గిన్నెలు తోముతున్నప్పుడు, మినీబస్సులో కునుకు పట్టినప్పుడు, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా, కింది వైపునుంచి మొదలై, దగ్గరికి వచ్చి, మలుపు దగ్గర తప్పిపోతుంది.

పటం కోసం తలుపుల వెంట తిరగడం మొదలుపెట్టాక ఇంకొకటి కూడా ఎదురైంది. ఆ తలుపుల్లో చాలావాటిని నాన్నే చేశాడు. తాళంచెవి రంధ్రం పైన ఇనుపచువ్వను ఆకులా వంచి, దాని తొడిమ దగ్గర మూడు వెల్డింగ్ చుక్కలు పెట్టడం ఆయన అలవాటు. ఆ ఆకు ఎక్కడ కనిపించినా జుల్మా వేలితో తాకేది. ఇనుము పొద్దున చల్లగా, సాయంత్రం వెచ్చగా ఉండేది. ఒకసారి అసుంతా తలుపు ముందు నిలబడి తాకుతుంటే లోపలినుంచి గడియ తీసిన చప్పుడైంది. ఒక్క క్షణం, తలుపు తీసేది ఆయనే అనుకుంది.

ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎర్ర గీత మొదటిసారి తనంతట తాను మలుపులు తిరిగి, రహదారి దగ్గర్నుంచి పొయ్యి పెరటిదాకా తప్పులేకుండా నడిచిన రోజున ఆమె పైకే నవ్వింది. గట్టిగా, ఒంటరిగా, నాన్న పోయిన ఇంట్లో. వెంటనే నోరు మూసుకుని ఫోటో వైపు చూసింది. ఆ రోజు నుంచి ఆ పని చేసినప్పుడల్లా ముఖం గంభీరంగా పెట్టుకునేది, ఎవరైనా చూస్తున్నట్టు.

సాయంత్రం ప్రార్థనలు చెప్పేవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. పోయినవాడి పేరు అడిగి, ఆ పేరుతో ప్రార్థన చెప్పి, పళ్లూ రొట్టెలూ సంచుల్లో వేయించుకుని వెళ్లారు. వాళ్లను సాగనంపే నెపంతో జుల్మా కింది మూలవైపు నడిచింది. మలుపు దాటగానే దూరంగా స్తంభం కనిపించింది. గాలికి నీలం కాళ్లు మెల్లగా ఒకవైపు తిరిగి, మళ్లీ ఇటు తిరుగుతున్నాయి. ఆమె కాళ్లు ఆగిపోయాయి. అక్కడినుంచే ఫోను పైకెత్తి ఫోటో తీయబోయింది. తెరలో అది ఇంకా దగ్గరగా కనిపించింది. ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేసింది.

"ఎక్కడిదాకా వెళ్లావు?" అంది తల్లి.

"ఇక్కడిదాకానే."

నికొలాసా నీళ్ల గ్లాసు తీసి చూసింది. నీళ్లు కొద్దిగా తగ్గాయి.

"తాగారు," అంది.

*

రెండోరోజు పొద్దున ఈల వినబడింది.

ఒక ఈల మోగితే ఇంకొకటి, దాన్ని విని మరొకటి. ఆ పేటలో ఈలకు ఒకటే అర్థం. నికొలాసా గరిటె పొయ్యిమీదే వదిలి తలుపు దగ్గరికి వచ్చింది. "కింది మూల," అంది. జుల్మా అప్పటికే వీధిలో ఉంది. ఎందుకు పరుగెడుతోందో ఆమెకే తెలియదు. నిన్న ఆగిపోయిన మలుపు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు.

స్తంభం చుట్టూ జనం. మధ్యలో ఒకాయనను నడుంచుట్టూ తాడు వేసి స్తంభానికి కట్టారు. యాభై దాటిన మనిషి, శుభ్రమైన కోటు. కాళ్ల దగ్గర సంచి బోర్లాపడి కమలాలు దొర్లాయి. ఒక పువ్వులకట్ట ఎవరి కాలికిందో నలిగింది. సరిగ్గా ఆయన తలపైన నీలం కాళ్లు.

"తలుపు తలుపుకూ ఆగి చూస్తున్నాడు!"

"నా ఇంటి కిటికీలోకి తొంగిచూశాడు!"

"పోయిన నెల కూడా వచ్చాడు వీడు. నేను చూశాను. ఇదే కోటు."

"వచ్చాను," అన్నాడాయన. పెదవి పగిలి మాట సరిగా రావడం లేదు. "నేను దొంగని కాదయ్యా. ఒక ఇల్లు వెతుకుతున్నాను. ఫెర్మిన్ తార్కి గారి ఇల్లు."

"ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడు."

"ఉన్నాడయ్యా. ఉండేవాడు."

"పేర్లు బాగానే కనిపెడతారు వీళ్లు," అన్నాడు రుపెర్తో. ఈల ఇంకా నోటి దగ్గరే ఉంది. వెనకనుంచి ఎవరో, పెట్రోలు తెండి అన్నారు. ఆ మాట ఒకసారే వినిపించింది. రెండోసారి ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు.

జుల్మా ముందుకు తోసుకొచ్చింది. చేతిలో ఫోను ఉంది. దాన్ని చూస్తే ఏమనుకుంటారో తెలుసు. ఇద్దరిదీ ఒకే ముఠా అనుకుంటారు. తల పైకెత్తింది. నీలం దుస్తుల ఎడమ మోకాలిమీద అమ్మ వేసిన మాసిక ఉంది. ఛాతీమీద నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి గడ్డి బయటకు వచ్చింది. గోనెగుడ్డ తలకు ముఖం లేదు. వానలకు బొగ్గుగీతలు చెరిగిపోయాయి. ఏడాదిగా తను భయపడుతున్నది ఈ మోకాలికేనా అనిపించింది.

"మా నాన్న," అంది.

అందరూ తిరిగారు.

"ఏంటి?"

"ఫెర్మిన్ తార్కి మా నాన్న."

"మీ నాన్న తలుపుల మేస్త్రి కదే," అన్నాడు రుపెర్తో.

"తలుపుల మేస్త్రికి పేరు ఉండదా?"

జనంలో ఎవరో దగ్గారు. ఆ మూలలోని చాలా తలుపులమీద ఇనుపాకు ఉంది. ఆ ఆకుల యజమానిని ఇన్నాళ్లూ వాళ్లు మేస్త్రీ అని పిలిచారు, మేస్త్రీ అనే పాతిపెట్టారు.

"సరే. ఇతనెవరు నీకు?"

అబద్ధం చెప్పవచ్చు. బాబాయి అనవచ్చు. "తెలియదు," అంది జుల్మా. 

నికొలాసా జనాన్ని తోసుకుని వచ్చింది. టోపీ లేదు, ఆమె టోపీ లేకుండా వీధిలోకి రావడం ఎవరూ చూడలేదు. చేతులకు కారం. కట్టేసి ఉన్న మనిషి ఎదురుగా నిలబడి, కమలాలవైపు, పువ్వులవైపు చూసింది.

"ఎవరయ్యా నువ్వు?"

"సాబినో అంటారమ్మా. అంబులెన్సు నడిపేవాణ్ణి." ఆయన పగిలిన పెదవిని భుజానికి తుడుచుకున్నాడు. "ఆ రోజు నేనే వచ్చాను. నీలం బొమ్మ దగ్గర ఎడమకి అన్నారు. తిరిగాను. ఇక్కడ ఎడమకి తిరిగితే గోడ తప్ప ఏమీ లేదు. ఇంజను ఆపి, కిందికి దిగి, పేరుపెట్టి అరిచాను కూడా. కుక్కలు తప్ప ఎవరూ పలకలేదు. ఇంకో చోటికి రమ్మని రేడియోలో పిలిచారు. వెళ్లిపోయాను. తర్వాత ఆయన పోయాడని విన్నాను. అప్పటినుంచి సెలవు దొరికినప్పుడల్లా వస్తున్నాను. ఇవాళైతే తలుపులు తెరిచి ఉంటాయి, బల్లమీద ఫోటో చూసి కనుక్కోవచ్చు అనుకున్నాను."

 జుల్మాకు ఆయన గొంతులో ఆ సైరన్ వినబడింది. అది కూడా ఇన్నాళ్లూ ఇక్కడే తిరుగుతోంది.

"ప్రార్థన చెప్పడానికి వచ్చావా?" అంది నికొలాసా.

"అవునమ్మా."

"అయితే నా బల్ల దగ్గరికి వచ్చినవాణ్ణి ఇక్కడ ఆపిందెవరు?" ఆమె రుపెర్తో వైపు తిరిగింది. "మా ఆయన లోపల కూర్చుని ఉన్నాడు. ఇంకాసేపట్లో వెళ్లిపోతాడు. విప్పండి."

రుపెర్తో ఈలను చొక్కాలోపలికి తోసుకున్నాడు. ముడి ఆయనే విప్పాడు. గట్టిగా బిగించినట్టున్నాడు, చాలాసేపు పట్టింది.

"ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా!" అంది అసుంతా, ఎవరిమీదో తెలియని కోపంతో.

"చెప్పానమ్మా," అన్నాడు సాబినో నడుం రుద్దుకుంటూ. "మీరంతా ఈల ఊదుతున్నారు."

జుల్మా వంగి కమలాలు ఏరింది. ఒకటి రుపెర్తో ఏరి ఇచ్చాడు.

*

సాబినో బల్లముందు టోపీ తీసి నిలబడ్డాడు. ప్రార్థన ఆయనకు సరిగా రాదు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. కానీ ఫెర్మిన్ తార్కి అన్నప్పుడల్లా గొంతు నిలబడింది. నికొలాసా నిచ్చెన రొట్టె విరిచి ఆయన చేతిలో పెట్టింది, సేమియా వడ్డించింది. ఆయన చెంచా ముట్టుకోలేదు.

"ఇక్కడేనా?" అన్నాడు గదిని చూస్తూ. "ఇంత దగ్గరా? పైకి ఒక్క వీధి ఎక్కి ఉంటే చాలు."

"తిను."

"ఒక్క వీధి, అమ్మా. నేను పైకి తిరిగి ఉంటే..."

"తిరిగి ఉంటే ఏమీ అయ్యేది కాదు," అంది నికొలాసా.

జుల్మా వంటింటి గడపలో పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. తల్లి ఆమెకు వీపుపెట్టి మాట్లాడుతోంది. గొంతు మామూలుగానే ఉంది, జావ తాగడానికి వచ్చినవాళ్లతో మాట్లాడినట్టు.

"పిల్ల ఫోను చేస్తున్నప్పుడు నా చెయ్యి ఆయన గుండెమీద ఉంది. అది అక్కడ ఆ బొమ్మ గురించి చెబుతోంది. ఇక్కడ నా చేతికింద గుండె ఆగిపోయింది. ఇంకా మాట పూర్తికాలేదు దానిది. మీ బండి బయలుదేరనే లేదు. నువ్వు ఆలస్యం కాలేదయ్యా. రావలసిన పనే లేకపోయింది."

"మరి... పిల్ల మూలలో నిలబడి ఎదురుచూసిందని ఇందాక దారిలో అన్నారు?"

"నేనే పంపించాను. వెళ్లి మూలలో నిలబడు, బండి వస్తుంది అన్నాను. కళ్లు మూయాలి, దవడ కట్టాలి. పిల్ల అవి చూడకూడదనుకున్నాను." సేమియా గిన్నెను ఆయనవైపు జరిపింది. "తిను. చల్లారిపోతోంది."

సాబినో చెంచా తీసుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద తిన్నాడు. తర్వాత ఆకలిగా తినడం మొదలుపెట్టాడు. తింటూనే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఏడాదిగా కడుపునిండా తిననివాడిలా గిన్నె అడుగుదాకా తిన్నాడు.

జుల్మా పళ్లెం వైపు చూసింది. దానిమీద నీలం పువ్వు అచ్చు ఉంది, అంచులో ఒక పెచ్చు ఊడింది. తన లోపల సంతోషమో కోపమో ఏదో ఒకటి రావాలి. రాలేదు. ఒక బరువును ఎంతోకాలం భుజాన మోసి, దించమన్నాక, ఆ భుజం ఏం చెయ్యాలో తెలియక పైకి లేస్తున్నట్టుంది. తను నాన్నను చంపలేదు. మంచిది. కానీ ఆ నేరం తనదైనంతకాలం నాన్న కూడా తనవాడే. ఇప్పుడు ఆయన అమ్మ చేతికింద, తను లేని గదిలో, తనకు సంబంధం లేకుండా వెళ్లిపోయాడు.

పన్నెండింటికి టపాకాయలు మళ్లీ పేలాయి. సాబినో తలుపుదాకా వెళ్లి, అక్కడి ఇనుపాకును చూసి, దానిమీద చెయ్యి వేసి, వెళ్లిపోయాడు. నికొలాసా నల్లగుడ్డ మడతపెట్టసాగింది. చెరుకుగడల తాళ్లు విప్పమని కూతురికి సైగ చేసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెరుకు అలా లాగకు, బల్ల గీరుకుంటుంది."

"అమ్మా."

నికొలాసా మడత ఆపలేదు. అంచుకు అంచు కలిపి, అరచేత్తో నునుపు చేసి, మళ్లీ మడిచింది.

"మొదట చెబుదామనే అనుకున్నాను. తర్వాత చూస్తే నువ్వు పుస్తకం పట్టుకున్నావు. స్కూల్లో కంప్యూటర్ గది తాళంవేసేదాకా కూర్చుని వచ్చేదానివి. చెబితే అవన్నీ పక్కన పడేసి నా పక్కన జావ కుండ దగ్గర కూర్చుంటావని భయమేసింది. నువ్వు అంతే. నీకు ఏడుపు వస్తే కూర్చుండిపోతావు. కోపం వస్తేనే నడుస్తావు."

"రెండు చేతులు సాయం అన్నావు మొన్న."

"అందరిముందూ ఏదో ఒకటి అనాలి కదా." గుడ్డ పెట్టెలో పెట్టింది. "నేను చేసింది తప్పే. తెలుసు. మొన్న నువ్వు పిండిపాప మెడలో ముఖం పెట్టినప్పుడే చెప్పెయ్యాలనిపించింది."

జుల్మా చెరుకుగడను మోకాలికి వేసి విరిచింది. అది ఒక పట్టాన విరగలేదు. చాలాసేపు విరుస్తూనే ఉంది. ఆ రాత్రి తల్లితో మాట్లాడలేదు.

*

సోమవారం ఆమె కింది మూలకు ఒక్కతే వెళ్లింది. తలుపులు తీసి జనం ఆమెను చూశారు, ఎవరూ ఈల ఊదలేదు. గోడ దగ్గర మొదలుపెట్టి ఒక్కో తలుపుకూ పటంలో చుక్క పెడుతూ వచ్చింది. రుపెర్తో కాసేపు దూరంగా నడిచి, చివరికి పక్కకు వచ్చాడు.

"మా ఇల్లు కూడా దాంట్లో ఉందా?"

"ఉంది."

"ఏమని పెట్టావు?"

"రుపెర్తో గారి ఇల్లు అని."

 "మా ఆవిడ పేరు కూడా రాయి. ఇల్లు ఆవిడ కట్టించింది." తర్వాత స్తంభం వైపు చూసి, "దాన్ని దించమంటావా?" అన్నాడు.

"మా అమ్మని అడగండి," అంది జుల్మా.

మంగళవారం తీగలమీద వేలాడే బండిలో లా పాస్ నగరపు లోయలోకి దిగుతూ ఆమె జవాబు చెప్పుకోవడానికి ప్రయత్నించింది. మా నాన్న గుండెనొప్పితో పడిపోయినప్పుడు అంబులెన్సుకు మా ఇల్లు దొరకలేదు. ఆ వాక్యం ఇప్పటికీ నిజమే. దాని తర్వాతి వాక్యమే లేదు.

గదిలో కళ్లద్దాల మేడమ్ ఒకావిడ ఫోను తీసుకుని పటాన్ని అటూ ఇటూ జరిపింది. ఒక చుక్క నొక్కింది. ఎర్ర గీత బయలుదేరి, మలుపులు తిరిగి, తలుపు దగ్గర ఆగింది. ఇంకొకటి నొక్కింది.

"ఇదంతా నువ్వే చేశావా?"

"అవును మేడమ్."

"ఈ చదువే ఎందుకమ్మా?"

జుల్మా చేతులు ఒడిలో పెట్టుకుంది. నున్నగా అరిగిన వాక్యాలన్నీ నాలుకమీదికి వచ్చి నిలబడ్డాయి. ఆ మేడమ్ వాటిని ఇష్టపడుతుందని ఆమెకు తెలుసు.

"అంబులెన్సు నడిపే ఒకాయన ఏడాదిపాటు మా ఇల్లు వెతికారు," అంది. "తనవల్లే మా నాన్న పోయాడనుకున్నారు. కాదు. ఆయన సరైన దారిలో వచ్చినా మా నాన్న బతికేవాడు కాదు. కానీ ఆ సంగతి ఆయనకు చెప్పాలంటే మా తలుపు ఆయనకు దొరకాలి కదా. దొరకలేదు. ఏడాది పట్టింది."

మేడమ్ కళ్లద్దాలు తీసింది. "అంటే, పటం ఉన్నా మీ నాన్నగారికి..."

"ఉపయోగం ఉండేది కాదు." జుల్మా ఆమె చేతిలోని ఫోను వైపు చూసింది.  "ఇంకొకటి. ఈ గీత మొదటిసారి సరిగ్గా నడిచినప్పుడు నేను నవ్వాను. అప్పుడు మా ఇంట్లో ఎవరూ నవ్వడం లేదు. నాకు ఈ పని ఇష్టం మేడమ్. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."

మేడమ్ ఏదో రాసుకుంది. ఏమి రాసిందో కనిపించలేదు. ఫోను తిరిగి ఇస్తూ, "మీ ఇల్లు ఏది ఇందులో?" అంది.

జుల్మా తెరవైపు చూసింది. పేట అంతా చుక్కలున్నాయి. కింది మూల కూడా నిండింది. ఆరో వీధి మధ్యలో అసుంతా ఇంటికీ బొగ్గులకొట్టుకూ నడుమ ఒక వేలెడు చోటు ఖాళీగా ఉంది. ఏడాదిగా దాన్ని చూస్తూనే ఉంది, అది ఖాళీ అని ఎన్నడూ తోచలేదు.

"ఇక్కడ," అని వేలు పెట్టింది. చుక్క పడింది. పేరు రాయమని ఫోను అడిగింది.

తలుపుల మేస్త్రి ఇల్లు అని మొదలుపెట్టి, చెరిపి, ఫెర్మిన్ తార్కి అని రాసింది. దానికింద నికొలాసా అని రాసింది. తర్వాత, తన చేతిని తనే చూసుకుంటూ, జుల్మా అని రాసింది.

ఎర్ర గీత రహదారి దగ్గర బయలుదేరింది. ఏ బొమ్మ దగ్గరా ఆగలేదు.